జాగ్రత్త కోసం వేసిన ముడి

ఆ రోజు ఇంట్లో ఉన్నది మావయ్య, అత్తయ్య, వాళ్లమ్మాయి వదిన, నేను. సాయంత్రానికి మావయ్య పనిచేసే రక్షణ పరిశోధన కేంద్రం డైరెక్టర్ మేడమ్ వచ్చి చేరారు. ఊరు వదిలి పోతూ పక్కింటివాళ్లు మాకు అప్పగించిన పిల్లిని కూడా లెక్కలో వేసుకుంటే ఇంకొకరు. అది సోఫా కింద నుంచి బయటికే రాలేదు.

పక్కింటివాళ్లు ఎందుకు పోయారో చెప్పాలి. సరిహద్దు నుంచి సైన్యాన్ని వెనక్కి తీసుకోకపోతే అణుబాంబు వేస్తామని అవతలి దేశం గడువు పెట్టింది. దాంతో మా వీధిలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. కానీ పోయిన వారం మావయ్యవాళ్ల కేంద్రం పరీక్షలో గెలిచింది. తమవాళ్లే సముద్రం మీద నుంచి వదిలిన ఉత్తుత్తి బాంబును, దాంతోపాటు రాడార్‌ని మోసం చేయడానికి వదిలిన దొంగ బుడగల మధ్య నుంచి ఏరి, ఆకాశంలోనే కొట్టేశారు. ఏది బాంబో ఏది బుడగో ఏరిపెట్టే యంత్రం మావయ్య విభాగానిది. "ఇక మన నెత్తిన గొడుగు ఉంది" అని మేడమ్ రేడియోలో చెప్పిన దగ్గర నుంచి తాళాలు ఒక్కొక్కటీ తెరుచుకుంటున్నాయి.

మర్నాడు పొద్దున్న ప్రభుత్వంలోని పెద్దల సమావేశం. అవతలివాళ్లతో కూర్చుని మాట్లాడాలా, చేతనైతే రమ్మనాలా అన్నది అక్కడ తేలుతుంది. పెద్దలు మావయ్యని అడగబోయేది ఒకటే: వస్తే ఆపగలమా? ఆయన ఆపగలం అంటే ఇక మాటలు ఉండవు, గడువు దాటిపోతుంది.

ఇన్ని సంగతులు నెత్తి మీద ఉంటే నేను ఆలోచిస్తున్నది ఒక కుర్చీ గురించి.

భోజనాల బల్ల దగ్గర మావయ్య కుడిపక్క కుర్చీ అది. చదువు కోసం పల్లె నుంచి వీళ్లింటికి వచ్చినప్పటి నుంచి నాదే. అందులో కూర్చునే చంద్రుడికి గాలి ఎందుకు లేదో విన్నాను, రాడార్ ఎలా చూస్తుందో విన్నాను. మా నాన్న పుట్టినప్పటి నుంచి నాతో మాట్లాడిన మాటలన్నీ పోగేసినా మావయ్య ఒక్క సాయంత్రం మాట్లాడినన్ని ఉండవు. నేను మాత్రం ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. వింటూ కూర్చునేదాన్ని. అందుకే ఆయన నన్ను చెవులపిల్లీ అని పిలిచేవాడు.

గడువు సంగతి తెలియగానే హాస్టళ్లు మూసేశారు. వదిన ఇంటికి వచ్చింది. వచ్చిన పూటే ఆ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎవర్నీ అడగలేదు. సొంత ఇంట్లో, సొంత నాన్న పక్కన కూర్చోడానికి ఎవర్ని అడగాలి? నాకు మండింది కూడా అందుకే. ఇంకో రెండు రోజులకు తనూ నన్ను చెవులపిల్లీ అనడం మొదలుపెట్టింది. అదే పేరు మావయ్య నోట ముద్దుగా ఉండేది. వదిన నోట, సోఫా కింద ఉన్నదాన్ని పిలిచినట్టు ఉండేది.

మేడమ్ వస్తున్నారని అత్తయ్య పొద్దున్నుంచీ ఇల్లు సర్దింది. హాల్లో కొత్త కర్టెన్లు వేసింది. పెళ్లిలో వచ్చిన కప్పులు అలమర నుంచి దించింది.

"మీ మావయ్య నా చేతి టీ తాగి ఒక్క రోజైనా బాగుందన్నాడా?" అని నన్ను అడిగింది కప్పులు తుడుస్తూ. "ఇప్పుడు చూడు, ఆవిడ ముందు ఎంత మెచ్చుకుంటాడో."

మేడమ్ వచ్చారు. పొట్టిగా కత్తిరించుకున్న నెరిసిన జుట్టు, చేతిలో చిన్న సంచి. మావయ్యకి ఉద్యోగంలో పని నేర్పింది ఆవిడే. అందుకే ఆయన్ని నువ్వు అనే పిలుస్తారు. టీ అందుకుని ఒక గుక్క తాగి, "బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నారు.

"మా ఆవిడ టీ అలాగే పెడుతుంది మేడమ్" అన్నాడు మావయ్య.

అత్తయ్య నా వైపు ఒక చూపు చూసింది.

"రేపటి సంగతి చూద్దాం" అన్నారు మేడమ్. "నాకు చెప్పినట్టు చెబితే అక్కడ కుదరదయ్యా. వాళ్లలో సగం మందికి రాకెట్టుకీ రోడ్డు రోలరుకీ తేడా తెలియదు. ఏది బాంబో ఏది బుడగో మన యంత్రం ఎలా ఏరుతుందో చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పు."

"చిన్నపిల్లలకి చెప్పీ చెప్పీ అలవాటే మేడమ్. మా ఇంట్లో దానికో ఆట ఉంది."

అంటూనే లేచి కిటికీ దగ్గరకు వెళ్లి కర్టెన్ కర్ర ఊడబీకాడు. కొత్త కర్టెన్ కుప్పగా కింద పడింది.

"అది మధ్యాహ్నమే కదండీ వేశాను!" అంది అత్తయ్య.

"మళ్లీ వేద్దాంలే."

"మళ్లీ వేసేది మీరా నేనా?"

మేడమ్ పడీ పడీ నవ్వారు. మావయ్య అప్పటికే కర్ర పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయాడు. వచ్చేటప్పటికి ఆ కర్రకి దారాలతో అయిదు కాగితం మూటలు వేలాడుతున్నాయి. కర్రని రెండు కుర్చీల వీపుల మీద అడ్డంగా ఆనించాడు. అన్నీ ఒకే సైజు మూటలు. ఒకదానిలో పెద్ద గాజు గోలీ ఉంటుంది. మిగతావాటిలో దూది చుట్టిన గుండీలు.

"గోలీ బాంబు. మిగతావి బుడగలు" అన్నాడు. చెక్క స్కేలుతో అన్నింటినీ ఒక్కసారిగా వెనక్కి నెట్టి పట్టుకుని స్కేలు తీసేశాడు. మూటలన్నీ కలిసి ఊగాయి. "చూడండి. బరువున్నదీ లేనిదీ ఒకేలా ఊగుతోంది. ఆకాశంలో పైన గాలి ఉండదు కాబట్టి అక్కడా అంతే. బాంబూ, బుడగా పక్కపక్కనే వస్తాయి. ఇప్పుడు ఇంకాసేపు ఆగితే?"

ఆగాం. నాలుగు మూటలు నెమ్మదించాయి. ఒకటి ఇంకా ఊగుతూనే ఉంది.

"తేలికవాటికి గాలి అడ్డుపడింది. ఇప్పుడు ఎవరైనా చెప్పేస్తారు ఏది గోలీయో. కిందికి, గాలిలోకి దిగాక బుడగలు కూడా ఇలాగే వెనకబడిపోతాయి. కానీ అప్పటికి బాంబు మన ఇంటి కప్పు మీద ఉంటుంది. అందుకే ఈ ఆటలో నేను చప్పట్లు కొట్టేలోపే చెప్పాలి. తర్వాత చెబితే ఊరు పోయినట్టే లెక్క."

మేడమ్ ఒకసారి ఆడారు. తప్పు చెప్పారు. అత్తయ్య ఆడింది. "నాకన్నీ ఒకేలా ఉన్నాయండీ, మీ కేంద్రంలో మీరంతా ఉన్నట్టు" అని అదీ తప్పు చెప్పింది.

నేను ఆడలేదు, నన్ను అడగలేదు. వదిన రాకముందు ఆ ఆట మా ఇద్దరిదీ. కళ్లు నొప్పెట్టేలా చూసేదాన్ని. ఎప్పుడో గుడ్డిగా ఒకటి తగిలేది తప్ప, ఎక్కువసార్లు ఓడిపోయేదాన్ని. "ఫర్వాలేదులే చెవులపిల్లీ, మా యంత్రాలే తప్పుతున్నాయి" అనేవాడు మావయ్య. ఓడిపోయినప్పుడు ఆయన అనే ఆ మాట కోసం నాకు ఓడిపోవడం కూడా బాగుండేది. వదిన వచ్చింది. వచ్చీరాగానే గెలిచింది. గెలుస్తూనే ఉంది.

"మా అమ్మడు ఆడితే చూడండి మేడమ్" అన్నాడు మావయ్య.

వదిన కర్ర ముందు మోకాళ్ల మీద కూర్చుంది. స్కేలు తీయగానే, "ఎడమ నుంచి రెండోది" అంది. మావయ్య చప్పట్లు కొట్టి మూట విప్పాడు. గోలీ. ఆయన కర్రని లోపలికి తీసుకెళ్లి మూటల చోట్లు మార్చి కట్టుకొచ్చాడు. "చివరిది." గోలీ. మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి. "మధ్యలోది." గోలీ.

మేడమ్ కప్పు కింద పెట్టేశారు. "ఎలా చెబుతున్నావమ్మా?"

"చూస్తుంటే తెలిసిపోతుందండి" అంది వదిన తల వంచుకుని.

"ఏమయ్యా, రేపు ఈ అమ్మాయిని తీసుకురా. పెద్దల ముందు ఆడిద్దాం. మన యంత్రం కళ్లూ ఇలాంటివేనని చెబుదాం. ఇంతకంటే ఇంకేం కావాలి? తర్వాత మన లెక్కల గదిలో ఒక కుర్చీ వేయిద్దాం ఈ పిల్లకి."

మావయ్య వదిన తల మీద చెయ్యి వేసి అలా ఉంచేశాడు. ఆ చెయ్యి తీస్తాడేమోనని చూశాను. తీయలేదు. ఇంకో కుర్చీ! ఇంట్లోది చాలక అక్కడ కూడా.

"ఇంకొక్కసారి" అన్నారు మేడమ్ చిన్నపిల్లలాగా.

ఈసారి అందరూ మూటల వైపు చూస్తున్నారు. నేను వదిన ముఖం వైపు చూస్తున్నాను. నిజం చెప్పాలంటే తను ఇంటికి వచ్చినప్పటి నుంచి నేను చూస్తున్నది ఆ ముఖాన్నే. ఎప్పుడు నవ్వుతుంది, ఎప్పుడు మావయ్య వైపు తిరుగుతుంది, ఏం చూసి తిరుగుతుంది, అన్నీ. కాబట్టి నాకు కనిపించింది. స్కేలు ఇంకా తీయకముందే వదిన కళ్లు పైకి వెళ్లాయి. కర్ర మీదికి. మూటలు ఊగడం మొదలయ్యాకే కిందికి దిగాయి.

నేనూ పైకి చూశాను. దారాలు కర్రకి కట్టిన చోట నాలుగింటికి ఒక్కో ముడి. ఒకదానికి రెండు.

"కుడి నుంచి రెండోది" అంది వదిన.

రెండు ముళ్లు ఉన్నది అదే.

"వదిన మూటల్ని చూడట్లేదు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అంతకుముందు మేడమ్ ముందు నేను నోరు తెరిచింది టీలో చక్కెర ఎంత వేయాలని అడగడానికే.

"ఏంటమ్మా?" అన్నారు మేడమ్.

"ముడి చూసి చెబుతోంది. గోలీ ఉన్నదానికి మావయ్య రెండు ముళ్లు వేస్తాడు. కావాలంటే చూడండి."

మేడమ్ లేచి, కళ్లజోడు పెట్టుకుని, కర్ర దగ్గరకు వెళ్లి ముళ్లని వేలితో తడిమి చూశారు. వదిన ముఖం ఎర్రబడింది. మావయ్య ముందు తెల్లబోయి, తర్వాత పెద్దగా నవ్వేశాడు.

"అరె! అవును మేడమ్. ఓసారి గోలీ జారిపడి పగిలింది. కాలికి గుచ్చుకుంటుందని మా ఆవిడ పెద్ద గొడవ చేసింది. అప్పట్నుంచి బరువున్నదానికి జాగ్రత్త కోసం ఇంకో ముడి వేస్తున్నాను. చేతికి అలవాటైపోయింది, నేనే గమనించలేదు."

"నువ్వు వెళ్లి కట్టుకురామ్మా" అన్నారు మేడమ్ నాతో. "అన్నింటికీ ఒకటే ముడి."

లోపలి గదిలో కట్టాను. తెచ్చి పెట్టాను. వదిన తప్పు చెప్పింది. మళ్లీ కట్టుకొచ్చాను. మళ్లీ తప్పు చెప్పింది. ఆ తర్వాత ఏడుపు గొంతుతో ఏదో ఒకటి అనేసింది, అదీ తప్పే. తను తప్పిన ప్రతిసారీ నా కడుపులో చల్లగా ఉంది.

"పోనిద్దురూ, ఆటే కదా" అంది అత్తయ్య. "ఒసేయ్, సంబరం చాలు. వెళ్లి కప్పులు తియ్యి."

ఎవరూ నవ్వలేదు. మేడమ్ ఇంకా కర్ర దగ్గరే నిలబడి ఉన్నారు.

"జాగ్రత్త కోసం" అన్నారు మెల్లగా. "ఏమయ్యా, పోయిన వారం మనం వదిలినదానికి కూడా జాగ్రత్త కోసం ఒకటి కట్టాం కదా."

మావయ్య నవ్వు ఆగిపోయింది.

ఆవిడ మాటల్ని బట్టి నాకు తెలిసింది ఇదీ. పరీక్ష కోసం వదిలే ఉత్తుత్తి బాంబులో ఒక చిన్న రేడియో పెట్టె పెడతారు. అది ఆగకుండా నేనిక్కడున్నాను, నేనిక్కడున్నాను అని పలుకుతూ ఉంటుంది. దారి తప్పి ఏ ఊరి మీదికో పోతుంటే మధ్యలోనే పేల్చేయాలి కాబట్టి. ఆ పలుకు భద్రత విభాగంవాళ్లు వినాలి. మావయ్యవాళ్ల యంత్రానికి వినపడకూడదు. వినపడితే ఇక ఏరడానికేముంది? నిజం బాంబు నేనిక్కడున్నానని పలుకుతూ రాదు.

"పెట్టె పలుకు మన యంత్రానికి చేరకుండా తీగ తీయించావా?" అని అడిగారు మేడమ్.

"తీయిద్దామనే అనుకున్నాం కదా మేడమ్."

"అనుకున్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. తీయించావా అని అడుగుతున్నాను."

మావయ్య చేతిలో స్కేలు ఉంది. దాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"భద్రతవాళ్లకి తీసేయమని చెప్పాను. చివరి నిమిషంలో కదిలిస్తే వాళ్లకీ వినపడకుండా పోతుందేమోనని భయపడ్డారు. జాగ్రత్త కోసం అలాగే ఉంచేశారు. నాకు చెప్పలేదు. తర్వాత లెక్కలు తిరగేస్తుంటే బయటపడింది." స్కేలు బల్ల మీద పెట్టాడు. "మన యంత్రం బుడగల్ని ఏరలేదు మేడమ్. పలికినదాని వెంట పోయింది. అంతే."

"ఎప్పుడు బయటపడింది?"

"మర్నాడు మధ్యాహ్నం."

"నేను రేడియోలో మాట్లాడింది మర్నాడు సాయంత్రం కదయ్యా!"



"మీ గదికి వచ్చాను మేడమ్, చెబుదామనే. కారిడార్ నిండా జనం. ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. మీరు నన్ను చూసి అందరి ముందూ నా చెయ్యి పైకెత్తారు. ఇంతకాలం ఓడీ ఓడీ... ఆ చెయ్యి ఎలా దింపను?"

అత్తయ్య కప్పుల దగ్గర నుంచి ముందుకు వచ్చింది.

"అయ్యో" అంది. "పక్కింటావిడకి నేను ఫోన్ చేశానండీ. మావారు చేసిన గొడుగు ఉంది, ఇక భయం లేదు, పిల్లల్ని తీసుకుని వచ్చేయమన్నాను. రేపు బయల్దేరుతున్నారు వాళ్లు."

అప్పుడు తెలిసింది, నేను లాగింది వదిన కాళ్ల కింది చాప ఒక్కటే కాదని. లాగేటప్పుడు నాకు మావయ్య కనపడలేదు, పక్కింటి పిల్లలు కనపడలేదు, వీధిలో తాళాలు తీస్తున్నవాళ్లు కనపడలేదు. వదిన ఒక్కతే కనపడింది. అయినా ఒక మూల నుంచి ఒక ఆశ తల ఎత్తుతూనే ఉంది. ఇప్పుడు మావయ్యకి అర్థమవుతుంది కదా, ఇంట్లో ఎవరి కళ్లు మంచివో.

వదిన నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నువ్వెప్పుడు చూశావు ముడి?"

"ఇప్పుడే."

"నేను మొదటి రోజే చూశాను" అంది వదిన. మాట నాతో, చూపు మావయ్య మీద. "చెప్పేద్దామనుకున్నా నాన్నా. కానీ నేను సరిగ్గా చెప్పినప్పుడల్లా నీ ముఖం ఎలా ఉండేదో నీకు తెలియదు. ఇన్నాళ్లలో నువ్వు నవ్వింది అప్పుడే. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంటూ పోయాను."

మావయ్య ఆమెని చూశాడు. చాలాసేపు చూశాడు. అలాంటి చూపు నేను ఆ ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. తప్పు చేసి పట్టుబడిన ఇద్దరు, ఇంకెవరికీ తెలియనిది తమ ఇద్దరికే తెలుసన్నట్టు, ఒకరినొకరు చూసుకున్న చూపు. నిజం చెప్పింది నేను. నా వైపు ఎవరూ చూడలేదు. ఓడిపోయి కూడా ఆ చోటు తనే కొట్టేసింది.

"దాని సంగతి తర్వాత" అన్నారు మేడమ్. సంచి భుజానికి తగిలించుకున్నారు, వెళ్లిపోతారేమో అనుకున్నాను. వెళ్లలేదు. మావయ్యకి బాగా దగ్గరగా వచ్చి నిలబడ్డారు. "పెట్టె లేదు. ఎప్పుడు వస్తుందో తెలియదు, ఎటు నుంచో తెలియదు, పక్కన ఎన్ని బుడగలో తెలియదు. రేపు పెద్దలకి ఏం చెబుతావో ఇప్పుడు అడగట్లేదు. నాకు చెప్పు. ఒక్కటంటే ఒక్కటి వస్తే ఆపగలమా?"

మావయ్య వీధి వైపు చూశాడు. కర్టెన్ లేని కిటికీలోంచి ఎదురింటివాళ్లు కనిపిస్తున్నారు. కారు డిక్కీలోంచి పరుపులు దించుకుంటున్నారు.

"లోపలికి రండి మేడమ్" అన్నాడు.

మేడమ్ ఆయన గదిలోకి నడిచారు. వెనకే వదిన లేచింది. ఆమెని ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. మావయ్య ఒక పక్కకి జరిగి దారి ఇచ్చాడు. నేనూ వెళ్లాను. వినాల్సిందంతా వింటూ వచ్చినదాన్ని, ఇది వినకపోతే ఎలా? గుమ్మం దాకా వెళ్లాను.

మావయ్య తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మావయ్యా, చెప్పింది నేనే కదా" అన్నాను.

"నువ్వు వద్దు" అన్నాడు.

కోపంగా కూడా అనలేదు. పొరపాటున వచ్చిన మనిషికి చెప్పినట్టు చెప్పాడు. ఆయన వెనక నుంచి వదిన గొంతు వినిపించింది.

"చెప్పు నాన్నా. ఆపగలమా?"

మావయ్య ఆమె వైపు తిరిగాడు. తిరుగుతూ, నన్ను చూడకుండానే తలుపు మూసేశాడు.